చెరిపేసినవి చదివిన మనిషి

ఆయన పోయాడని తెలిసేసరికి నేను పెరుగన్నం తింటున్నాను. ఫోనులో మా పాత బోర్డువాళ్ల గుంపు ఒకటి ఉంది. పండగలకు దీపాల బొమ్మలు, పొద్దున్నే పూల బొమ్మలు తప్ప అందులోకి ఏమీ రావు. పూల బొమ్మలు పంపేది నేనే. ఆ మధ్యాహ్నం మాత్రం ఒక వాక్యం వచ్చింది: “లింగంపల్లి ఫోను ఆయన ఇక లేరు.” దాని కింద వరసగా దండం పెట్టే చేతులు. పేరు ఎవరూ రాయలేదు. మాలో సగం మందికి ఆయన పేరు తెలియదు, తెలిసినవాళ్లం ఎన్నడూ వాడలేదు. ఇక్కడ నేనూ వాడను.

కంచం అలాగే వదిలేసి చేయి కడుక్కున్నానని రాస్తే బాగుంటుంది. లేదు, తినేశాను. తిని, కంచం కడిగి పెట్టి, ఆ వాక్యం మళ్లీ చదివాను.

ఆయన నాకు ప్రాణస్నేహితుడు. ఇలా రాసి, ఆగి, లెక్క చూసుకున్నాను. ఆయన ఇంటికి నేను వెళ్లింది నాలుగుసార్లు. బయట కలిసి నడిచింది ఒక్కసారి. మిగిలిన స్నేహమంతా తీగ మీదే. దాన్ని స్నేహమనవచ్చో లేదో కూడా నా చివరి పేజీ చదివాక మీరే తేల్చాలి.

ఆ బోర్డు అంటే ఏమిటో ముందు చెప్పాలి. లింగంపల్లి స్టేషను వెనక సందులో ఆయన ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరు, దానికి మోడెమ్ అనే చిన్న పెట్టె, ఆ పెట్టెకు ఇంటి టెలిఫోను తీగ ఉండేవి. మనం మన ఇంట్లో కంప్యూటరు నుంచి ఆ నంబరుకు ఫోను చేయాలి. రెండు పెట్టెలూ ఒకదాన్ని చూసి ఒకటి కీచుమని అరిచి, గొంతు సవరించుకుని, కాసేపటికి రాజీపడేవి. అప్పుడు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నింపాదిగా వచ్చేవి. ఇంటర్నెట్టు కాదది. ఊళ్లో ఒకరింటికి ఇంకొకరు ఫోను చేసుకోవడమే. అంతకుముందు వచ్చిపోయినవాళ్లు రాసి పెట్టిన మాటలు చదవాలి, మన జవాబు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పెట్టి పోవాలి.

చిక్కేమిటంటే, ఆ ఇంటికి ఉన్నది ఒకటే ఫోను. అందువల్ల బోర్డు మీద ఒకసారికి ఒకడే ఉండగలడు. మిగతా అందరికీ ఎంగేజ్. ఒక్క మనిషి పట్టే గది కట్టి దానికి చర్చావేదిక అని పేరు పెట్టినట్టు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, అయిపోగానే లైను తనంతట తనే తెగిపోయేది. ఎంత మండిపోతున్నా సరే, జవాబు చెప్పాలంటే అవతలివాడు ఫోను పెట్టేయాలి, ఆ తర్వాత పదిసార్లు తిప్పితే మనకు దొరకాలి. ఈలోపు సగం కోపం ఎంగేజ్ వినడంలోనే అరిగిపోయేది. ఆయన బోర్డుకు ‘వంతు’ అని పేరు పెట్టాడు. వేలమంది సభ్యులు ఉండేవాళ్లు. సరే, యాభై చిల్లర. అందులో సగం మంది చదివి పోవడమే తప్ప నోరు విప్పేవారు కాదు.

ఆయన టెలిఫోను శాఖలో తీగలు అతికే పని చేసేవాడు. గుంతలో దిగి కూర్చుని, చేతి మందం కేబులు విప్పి, వందల సన్నతీగల్లో ఏది ఎవరిదో పట్టి కలిపేవాడు. కుడిచేతి బొటనవేలి గోరు నల్లగా ఉండేది. ఎక్కడ తీగ కనిపించినా రెండు వేళ్ల మధ్య పట్టుకుని నిమిరేవాడు. వాళ్ల ఇంట్లో ఫ్యాను తీగ, ఇస్త్రీపెట్టె తీగ, గుమ్మం పక్క కాలింగ్ బెల్ తీగ. మోడెమ్ అరుపు విని ఫోను ఏ దిక్కు నుంచో చెప్పేవాడు. “మియాపూర్ దిక్కు లైన్ ఇది. జాయింట్ల నీళ్లు చేరినయ్” అనేవాడు. ఎన్నడూ తప్పలేదు. ఒకసారి తప్పాడు. నీళ్లు అన్నది పక్కింటి కుక్కరు ఈల అని తేలింది. ఆ సంగతి ఆయనే నవ్వుతూ వారం రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

మాటకు మాటకు మధ్య కొంత ఖాళీ వదిలేవాడు. అవతలివాడు ఇంకేమైనా అంటాడేమోనని ఆగినట్టు. కొత్తవాళ్లకు చెవుడేమో అనిపించేది. వెళ్లొస్తానంటే “మంచిది” అనేవాడు కాదు, “లైన్ల ఉండు” అనేవాడు. గుమ్మం దాటి సందు మలుపు తిరుగుతున్నవాణ్ని కూడా లైన్లో ఉండమనేవాడు.

ఆయన భార్యకు, మా అందరి వదినమ్మకు, ఆ బోర్డంటే ఒళ్లుమంట. నేను మొదటిసారి వెళ్లినప్పుడు చాయ్ గ్లాసు నా ముందు టక్కున పెట్టి, తన తమ్ముడు వారం నుంచి ఫోను చేస్తే ఎంగేజే వస్తోందని శంకర్‌పల్లి నుంచి స్కూటరు వేసుకుని వచ్చాడని, ఇంట్లో అందరూ బతికే ఉన్నారా అని అడిగాడని చెప్పింది. ఆయన ఆగి, ఖాళీ వదిలి, “వచ్చిండు గదా. ఫోన్ కలిస్తె వచ్చేటోడా?” అన్నాడు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఎనిమిది దాకా బోర్డు. ఎనిమిదికి ప్లగ్గు పీకేవాడు. ఫోనుకు కూడా నిద్ర కావాలి కదా అనేవాడు.

ఇంకొక అలవాటు ఉంది. ఎవరైనా బోర్డు మీద ఉన్నప్పుడు మనం ఇంట్లోకి అడుగు పెడితే, లేచి భుజం మీది తువాల తీసి తెర మీద కప్పేవాడు. మోడెమ్ దీపాలు మిణుకుతూనే ఉండేవి. లైను తెగాక తువాల తీసి మళ్లీ భుజాన వేసుకునేవాడు. దుమ్ము పడకుండా అనుకున్నాను నేను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

ఇక నా సంగతి. అప్పట్లో నేను మాదాపూర్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉండేవాణ్ని. అది నిజమే. కీలకమైన విభాగం. అదీ ఒక రకంగా నిజమే, కీబోర్డులు, మౌసులు, కుర్చీ చక్రాలు సంతకం పెట్టించుకుని ఇచ్చే స్టోర్సు. కడప జిల్లా నుంచి ఎప్పుడో ఫ్యాక్టరీ పనికి వచ్చి, అది వదిలి, యాభై దాటాక ఇందులో చేరాను. ఇంట్లో నాకున్న కంప్యూటరు విదేశీ సరుకని బోర్డు మీద రాసుకున్నాను. మా స్టోర్సులో పాతసామాను కింద తీసేసినది. వేగంగా టైపు చేస్తానని కూడా రాసుకున్నాను. ఒక వేలుతో, అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాణ్ని, ఇప్పటికీ అంతే. బోర్డు మీద నా పేరు ‘పెన్న’. ఆయన మాత్రం నన్ను ‘అప్పా’ అనే పిలిచేవాడు, నా నోట్లో ఆ సీమ మాట ఊరుతూ ఉంటుందని.

మా కంపెనీ భవనం కింద ఏసీ ప్లాంటు ఉండేది. ఎనిమిది అంతస్తులకూ చల్లటి నీళ్లు అక్కడి నుంచే పైకి వెళ్లేవి. దాన్ని చూసుకునేవాడు యాదగిరి. ముప్పై అయిదేళ్లుంటాయి. అక్కడివాడే, ఆ భవనం లేవకముందు ఆ నేల వాళ్లది. అది పోయాక లింగంపల్లిలో, ఆయన ఇంటికి దగ్గర్లోనే అద్దెకు ఉండేవాడు. క్యాంటీనులో మేమిద్దరం ఒకే బల్ల దగ్గర తినేవాళ్లం. వాళ్ల బావి, అతని మాటలో బాయి, సరిగ్గా ఇప్పుడు ప్లాంటు ఉన్నచోటే ఉండేదట. “నడిమిట్ల పంపు ఉన్నది చూడుండ్రి, గాడనే బొక్కెన వేసేటోళ్లం” అని ఒకరోజు పప్పు కలుపుకుంటూ చెప్పాడు. చెప్పి, ఎవరికీ అనొద్దన్నాడు. పోయిన బాయి గురించి చెప్పుకుంటే మంది నవ్వుతారని. అతనూ వంతు సభ్యుడే. చదివేవాడు తప్ప పెద్దగా రాసేవాడు కాదు. మా కంపెనీ నుంచి ఇంకో ఏడెనిమిది మంది ఉండేవారు, అటువాళ్లూ ఇటువాళ్లూ.

ఉద్యమం మళ్లీ లేచిన రోజులవి. రోడ్ల మీద ఊరేగింపులు, ఆఫీసు లిఫ్టులో మౌనం. బోర్డు మీద మాత్రం మాట నడిచేది. తెలంగాణ ఎందుకు కావాలో కొందరు మర్యాదగా రాసేవారు, నీళ్ల సంగతి, కొలువుల సంగతి, ఊళ్ల పేర్లతో సహా. నేను సమైక్యం వైపు. జవాబు చెప్పడానికి నా దగ్గర ఆవేశం తప్ప ఏమీ ఉండేది కాదు. నేను రాస్తే చదివేవారు, నవ్వి ఊరుకునేవారు. ఓడించడానికి కూడా ఎవరూ నన్ను పట్టించుకోకపోవడం నాకు నచ్చలేదు.

అందుకని నేను గెలవగలిగే శత్రువును ఒకణ్ని తయారు చేశాను. వాడికి ‘గోల్కొండ’ అని పేరు పెట్టాను. బస్సు కండక్టర్ల దగ్గర, ఆటోవాళ్ల దగ్గర విన్న మాటలన్నీ పోగేసి వాడి నోట్లో పెట్టాను. వాడు వచ్చి మా సీమవాళ్లను, కోస్తావాళ్లను కలిపి తిట్టిపోసేవాడు. వాడు ఫోను పెట్టేసిన నిమిషంలో పెన్న వచ్చి, బాధతో, హుందాగా, కంటనీరు పెట్టించేలా జవాబిచ్చేవాడు. జనం పెన్నను మెచ్చుకున్నారు. పెద్దరికమంటే ఇదీ అని ఒకాయన రాశాడు. ఆ వాక్యాన్ని నేను కాగితం మీద దించుకుని పర్సులో పెట్టుకున్నాను.

ఆయన రెండే రెండు మాటలు రాశాడు. ఒకటి: “గోల్కొండ సార్, మీ వంతు అయినంక జర మంచినీళ్లు తాగుండ్రి.” మర్నాడు రెండోది, పెన్నకు: “వేలు నొస్తున్నదా అప్పా?” నా మీద జాలి చూపించాడనుకుని ధన్యవాదాలు చెప్పాను. మిగతా అందరికీ పదిసార్లు తిప్పితే గానీ దొరకని లైను, గోల్కొండ దిగగానే పెన్నకు ఎప్పుడూ ఎలా దొరుకుతోందని ఆయనకు అనుమానం రావచ్చని నాకు తట్టలేదు.

ఒకరోజు గోల్కొండకు తిట్లు అయిపోయాయి. కొత్తది ఏదైనా కావాలి. యాదగిరి బాయి గుర్తొచ్చింది. “మీరెక్కే లిఫ్టు కింద మా బాయి ఉన్నది. ఒకనాడు ఆ నీళ్లు మీ ఎనిమిదో అంతస్తు దాకా తెస్తం చూడుండ్రి” అని రాశాను. నేను రాసినవాటిలో బాగా కుదిరింది అదొక్కటే. కుదరడానికి కారణం అది నాది కాకపోవడం.

దాన్ని ఎవరో కాగితం మీద అచ్చు తీసి మా ఆఫీసుకు తెచ్చారు. ఎనిమిది అంతస్తులు, కింద బాయి, నీళ్లు; ఆ నేల ఒకప్పుడు ఎవరిదో ఆఫీసులో అందరికీ తెలుసు. గోల్కొండ ఎవరో తేల్చుకోవడానికి వాళ్లకు పది నిమిషాలు కూడా పట్టలేదు. సెక్యూరిటీ ఆఫీసరు యాదగిరిని పిలిచి ప్లాంటు తాళాలు ఇచ్చేయమన్నాడు. తాను రాయలేదని అతను చెప్పాడట. బాయి మీది కాదా అని అడిగారట. మాదే అన్నాడట. అక్కడితో అయిపోయింది. తీసేయలేదు. తాళాలు లేకుండా ఎనిమిది నెలలు ఉంచారు, పంపు ఆగితే ఇంకొకడు తాళం తీసి పక్కన నిలబడితే ఇతను బాగుచేయాలి.

క్యాంటీనులో అతని బల్ల ఖాళీ అయింది. మొదట కోస్తావాళ్లు లేచారు, తర్వాత భయపడి తెలంగాణవాళ్లూ లేచారు. ఆ ఎనిమిది నెలలూ నేను రోజూ పోయి అతని పక్కనే కూర్చుని తిన్నాను. ఈ వాక్యం రాసి గంట అయింది, కొట్టేయడానికి చేయి రాలేదు, అలాగని ఉంచనూలేను. కూర్చోలేదు. మొదటిరోజు కంచం పట్టుకుని వస్తుంటే తలెత్తి, “ఏం సారూ, మంచిగున్నరా?” అన్నాడు. బాగున్నానని చెప్పి, కిటికీ దగ్గర బల్లకు వెళ్లాను. అక్కడి నుంచి అతని వీపు కనిపించేది.

ఒక ఆదివారం పొద్దున బోర్డుకు ఫోను చేశాను. మూడోసారికే లైను దొరికింది. మూడు వాక్యాలు కొట్టాను. గోల్కొండ నేనే. బాయి సంగతి యాదగిరి నాకు అన్నం దగ్గర చెప్పుకున్నాడు. అతని తప్పేమీ లేదు. ఒక వేలుతో దానికే పదమూడు నిమిషాలు పట్టింది. ఇక ఒక్క మీట నొక్కితే అందరికీ చేరుతుంది. దాని మీద వేలు పెట్టి కూర్చున్నాను. తర్వాత పక్క మీట మీదికి వేలు జరిపి, చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటీ తుడుచుకుంటూ వెనక్కి వచ్చాను. తుడిచేసరికి ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి. “అందరికీ శుభోదయం” అని కొట్టి పంపాను.

ఆ తర్వాత గోల్కొండ రాలేదు. కొన్నాళ్లకు పెన్న కూడా పలచబడ్డాడు. యాదగిరి గచ్చిబౌలిలో వేరే ప్లాంటుకు వెళ్లిపోయాడు. ఇళ్లలోకి ఎప్పుడూ తెగని ఇంటర్నెట్టు వచ్చింది, ఎంగేజ్ వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆఖరి రోజుల్లో రోజుకు ఒకరో ఇద్దరో. ఒక సాయంత్రం ఎనిమిదికి ఆయన ప్లగ్గు పీకి, మర్నాడు పెట్టలేదట. వదినమ్మ ఆ పూట తమ్ముడితో గంటసేపు ఫోనులో మాట్లాడిందట.

ఆయనతో కలిసి నడిచిన ఆ ఒక్కరోజు రైల్‌రోకో. హైటెక్ సిటీ స్టేషనులో లోకల్ రైలు ఆపేశారు. పట్టాల మీద జెండాలు, డప్పులు, ఉడుకుడుకు ఎండ. దిగి చూస్తే ఆయన, చంకలో గొడుగు, భుజాన అదే తువాల. ఎక్కడికో పెన్షను కాగితాల పని మీద వచ్చాడు. బస్సులు లేవు. ఇద్దరం పట్టాల వెంట లింగంపల్లి దాకా నడవడం మొదలుపెట్టాం. జెండాలవాళ్లు కనిపించినప్పుడల్లా ఆయన చేయెత్తి జై తెలంగాణ అనేవాడు, నా వైపు చూసి నవ్వేవాడు. హఫీజ్‌పేట దాటాక జనం పలచబడ్డారు. సిగ్నలు పెట్టె దగ్గర ఆగి, అందులోంచి వేలాడుతున్న తీగను రెండు వేళ్లతో నిమిరాడు.

“అప్పా, ఒక ముచ్చట. బోర్డుల మీరు టైపు కొడుతుంటే నాకు ఇక్కడ కనవడేది. ఒక్కొక్క అక్షరం. కొట్టేది కనవడేది, తుడిచేది కనవడేది.”

నేను ఆగిపోయాను. పంపినదే ఆయనకు చేరుతుందని అనుకున్నాం మేమందరం.

“అందరివీనా?”

“అందరియి. మొదట్ల నేనేమనుకున్నంటె, మంది బూతులు తుడుస్తరేమో అని. బూతులు తుడువరు అప్పా. బూతులు సీదా పంపుతరు. ‘తప్పయింది’ అని కొడతరు, తుడుస్తరు. ‘నువ్వన్నది నిజమే’ అని కొడతరు, తుడుస్తరు. గోదావరి దిక్కాయన ఒకాయన వరంగల్ ఆయనకు ‘ఇంటికి రాండి, అన్నం తిందాం’ అని ఎన్నిసార్లు కొట్టిండో. ఒక్కసారి గూడ పంపలే.”

అప్పుడు అర్థమైంది తువాల ఎందుకు కప్పేవాడో. దుమ్ము కోసం కాదు. మేము తుడిచేసినవి ఇంకొకరి కంట పడకుండా.

చాలా దూరం రాళ్ల మీద అడుగులు చూసుకుంటూ నడిచాం. చందానగర్ ప్లాట్‌ఫారం కనిపిస్తుండగా, నా మొహం చూడకుండా అన్నాడు, “నువ్వు గూడ కొట్టినవ్ ఒక ఐతారం. మూడు లైన్లు.”

“మరి నువ్వెందుకు చెప్పల్యా అప్పా యాదగిరికి?”

ఆ ఖాళీ వదిలాడు. ఎండలో ఆ ఖాళీ పొడుగ్గా ఉంది.

“నువ్వు పంపలే గదా. పంపనిది నీదే, నాది గాదు.” నాలుగడుగులు వేసి, “ఫికర్ చేయకు. కొట్టినోడు ఎప్పుడన్న పంపుతడు. నీ వంతు గట్లనే ఉన్నది” అన్నాడు.

లింగంపల్లిలో విడిపోతుంటే లైన్లో ఉండమన్నాడు. మర్నాడే యాదగిరి దగ్గరికి వెళతానని ఆయన చేతిలో చేయి వేసి చెప్పాను. వెళ్లాను కూడా, గచ్చిబౌలి దాకా. ఆ భవనం గేటు చూశాను. గేటు చూసి, మళ్లీ బస్సెక్కాను.

రాష్ట్రం వచ్చింది. నేను భయపడినవేవీ జరగలేదు. అద్దె పెంచడానికి వచ్చిన ఇంటాయన తప్ప ఎవరూ నన్ను పొమ్మనలేదు. ఏళ్లు గడిచాయి. నేను రోజూ పొద్దున్నే పూల బొమ్మలు పంపాను.

పదకొండో రోజు భోజనాలకు వెళ్లాను. సందంతా షామియానా. గోడ మీద ఆయన ఫొటో, ఫొటోలో కూడా భుజాన తువాల. బోర్డువాళ్లు పదిహేను మంది దాకా వచ్చారు. అందరిలో పెద్దవాణ్ని కదా, రెండు మాటలు చెప్పమన్నారు. ఆయనా నేనూ కలిసే ఆ బోర్డు మొదలుపెట్టామని చెప్పాను. నేను ముప్పై నాలుగో సభ్యుణ్ని. ఎవరూ కాదనలేదు. వదినమ్మ ఒక్కతే నన్ను చూసి, కొంగు సర్దుకుని, లోపలికి వెళ్లిపోయింది.

పంక్తిలో కూర్చుంటే పక్క విస్తరి ముందు యాదగిరి కూర్చున్నాడు. తల నెరిసింది. ఇన్నేళ్లకు మళ్లీ ఒకే వరసలో అన్నం. “మంచిగున్నరా సారూ?” అన్నాడు, అదే గొంతుతో. కాసేపు పప్పు కలిపి, గోడ మీది ఫొటో వైపు చూస్తూ చిన్నగా అన్నాడు.

“ఒకటి చెప్త, మీ మనసులనే ఉంచుకోండ్రి. ఆ గోల్కొండ రాతలు ఈయన రాసినయే.”

“ఎవరన్నారు నీకు?”

“ఆయననే. బాయి ముచ్చట నేను ఇద్దరికే చెప్పిన సారూ. మీకు, ఆయనకు. తాళాలు గుంజుకున్న నాడు సీదా ఇంటికి పోయి అడిగిన, నువ్వు రాసినవా, అప్పా సార్ రాసిండా అని. ఫోన్ వైరు నిమురుకుంట కూసున్నడు. ఆఖరికి, ‘లైన్ పెట్టినోణ్ని నేను. లైన్ల పోయినదంత నాదే’ అన్నడు. ఇగ ఆ గడప తొక్కలే నేను. తెలంగాణ వచ్చిన నాడు మనసు పట్టక మిఠాయి డబ్బా పట్టుకొని పోయిన. చేస్తె చేసిండు, పెద్దమనిషి గదా అని.”

“ఏమన్నాడు?”

“ఏమన్లే. చాయ్ తాపిండు. ఇంటి బల్బు వైరు లూజున్నదని కుర్సీ ఎక్కి బిగిచ్చుకుంట నిలవడ్డడు నా ముంగట. నేను మాఫ్ చేసిన అని చెప్పిన. తల ఊపిండు.”

పట్టాల మీద నాతో నడిచిన రోజుకే ఆయన ఆ నింద తన మీద వేసుకుని చాలా ఏళ్లయింది. యాదగిరి రావడం మానేసి చాలా ఏళ్లయింది. అది ఆయన నాతో అనలేదు. నేను చేసినదానికి ఆయన మాఫీ తీసుకున్నాడు, తల ఊపాడు.

విస్తరి ముందు నుంచి లేచి, అందరూ వింటుండగా, రాసింది నేనే అని చెప్పాను. వడ్డించేవాళ్లు ఆగిపోయారు. యాదగిరి నన్ను పట్టుకుని ఏడ్చాడు.

లేదు. “సాంబారు పోయించుకో అప్పా, చల్లారిపోతుంది” అన్నాను. అంతే అన్నాను.

నాలుగు రోజులు గడిచాయి. నిన్న పొద్దున గుంపులో యాదగిరి నంబరు పట్టుకుని ఫోను తీశాను. అదే ఒక వేలు. గోల్కొండ నేనే అని కొట్టాను. తుడిచాను. ఇప్పుడు తుడవడం సులువు, వెనక్కి పోయే మీట మీద వేలు పెట్టి ఉంచితే చాలు, మూడు వాక్యాలు మూడు క్షణాల్లో పోతాయి. మళ్లీ కొట్టాను. బాయి సంగతి దాకా వచ్చి మళ్లీ తుడిచాను. ఇంకోసారి మొదలుపెట్టి, శుభోదయం అని రాసి, దాన్నీ తుడిచాను. ఎదురుగా గోడ. గోడ మీద పోయినేడు క్యాలెండరు.

ఫోను మోగింది. యాదగిరి.

“సారూ, టిఫిన్ అయిందా? ఏం లేదు, అర్ధగంట నుంచి మీ పేరు కింద టైపింగ్, టైపింగ్ అని వస్తున్నది, పోతున్నది. పరేషానయిన. ఏం రాస్తున్నరు?”

ఒకప్పుడు అది ఒక్క మనిషికే కనిపించేది. ఆయన తువాల కప్పి ఉంచేవాడు. ఇప్పుడు కప్పేవాళ్లు లేరు.

చెప్పాను. మూడు వాక్యాలే. ఒక్క మాట కూడా పెంచలేదు. ఆ ఆదివారం తుడిచేసినదే, అదే వరసలో.

అతని వెనకెక్కడో పంపు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

“తొమ్మిదేండ్లు సారూ,” అన్నాడు చాలాసేపటికి. “తొమ్మిదేండ్లు ఆ సందుల నుంచే కొలువుకు పోయిన. పొద్దున పోయేటప్పుడు అరుగు మీద కూసొని ఉండేటోడు. నన్ను చూసి లేచి నిలవడేటోడు. నేను మొకం తిప్పుకొని పోయేటోణ్ని.”

పంపు తిరుగుతూనే ఉంది. నేను చెవి దగ్గర ఫోను పట్టుకుని కూర్చున్నాను. అతను లైను కట్ చేయలేదు. నేనూ చేయలేదు.